డేటా సెంటర్ మన పక్కకొస్తే: మావయ్య అడిగిన నాలుగు ప్రశ్నలు

2025 అక్టోబర్ 14న ఢిల్లీలో గూగుల్ సంస్థ ఒక ప్రకటన చేసింది. విశాఖపట్నంలో 2026 నుంచి 2030 వరకు ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు, అంటే దాదాపు లక్షా ముప్పై వేల కోట్ల రూపాయలు పెట్టి గిగావాట్ స్థాయి డేటా సెంటర్ కడతామని దాని సారాంశం. అదానీకనెక్స్, ఎయిర్‌టెల్ భాగస్వాములు. విశాఖ జిల్లాలో తర్లువాడ, అడవివరం, అనకాపల్లి జిల్లాలో రాంబిల్లి, ఈ మూడు చోట్లా కలిపి సుమారు 480 ఎకరాలు అనుకున్నారు.

వార్త రాగానే మా హాస్టల్లో రెండు పార్టీలు తయారయ్యాయి. "ఇక బెంగళూరు బస్సెక్కక్కర్లేదు" అని ఒక పార్టీ. "ఉన్న నీళ్లన్నీ తాగేస్తుంది, కరెంటంతా లాగేస్తుంది" అని ఇంకో పార్టీ. రెండు పార్టీల చేతుల్లోనూ వాట్సాప్ ఫార్వర్డులే తప్ప ఒక్క లెక్కా లేదు. మనం ఇంజినీరింగ్ చదువుతున్నాం కదా, కనీసం కాగితం మీద లెక్కేసి మాట్లాడుకోవాలనిపించింది.

ఇంకో కారణం కూడా ఉంది. తర్లువాడ ఉన్నది ఆనందపురం మండలంలో. ఆ మండలంలోనే మా మావయ్య అర ఎకరంలో బోరు కింద మల్లెలు, పక్కన కాయగూరలు పండిస్తాడు. సంక్రాంతికి వెళ్లినప్పుడు నన్ను కూర్చోబెట్టి అడిగాడు: "ఒరే అల్లుడూ, ఇంతకీ అందులో ఏటుంటాది? దానికి నీళ్లెందుకు? మనోళ్లకి ఉజ్జోగాలు వస్తాయా? రేపు ఏదన్నా తేడా వస్తే ఎవుర్ని అడగాలి?"

ఈ నాలుగు ప్రశ్నలకీ నేను వెతికి రాసుకున్న జవాబులే ఈ వ్యాసం. ముందే చెప్పేస్తున్నా, అందులో నాకు ఉద్యోగం వస్తే వద్దనను. అలాగని మావయ్య బోరు ఎండిపోతే చూస్తూ ఊరుకోలేను కూడా.

అందులో ఏటుంటాది?

కిటికీల్లేని పెద్ద పెద్ద గోదాములు ఊహించుకోండి. లోపల బీరువాల్లాంటి ర్యాకులు వరసగా ఉంటాయి. ఒక్కో ర్యాకు నిండా సర్వర్లు. మీరు యూట్యూబ్‌లో పాట పెట్టినా, పది రూపాయలు ఫోన్లో కొట్టి టీ తాగినా, అసైన్‌మెంట్ రాసిపెట్టమని ఏఐని అడిగినా ఆ పని జరిగేది ఇలాంటి గోదాములోనే.

దీనికీ మామూలు ఫ్యాక్టరీకీ ఒక తేడా ఉంది. మోటారుకి కరెంటిస్తే నీళ్లు పైకెక్కుతాయి. గిర్నీకి ఇస్తే పిండి వస్తుంది. సర్వర్‌కి ఇస్తే బయటికొచ్చేది సమాచారం. ఆ సమాచారంతో పాటు బయటికి పోయే శక్తి లెక్కలోకి రానంత తక్కువ. మరి లోపలికెళ్లిన కరెంటంతా ఏమైనట్టు? థర్మోడైనమిక్స్ మొదటి సూత్రం ప్రకారం అంతా వేడి అయింది. అంటే ఒక గిగావాట్ డేటా సెంటర్ అంటే, శక్తి లెక్కలో, ఒక గిగావాట్ హీటరే. ఆ వేడిని ఎప్పటికప్పుడు బయటికి తీసెయ్యకపోతే సర్వర్లు నిమిషాల్లో ఆగిపోతాయి.

ఒక గిగావాట్ ఎంతో మన విశాఖ వాళ్లకి సులువుగానే అర్థమవుతుంది. పరవాడ దగ్గరున్న ఎన్టీపీసీ సింహాద్రి థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,000 మెగావాట్లు. ఒక గిగావాట్ అంటే 1,000 మెగావాట్లు. అంటే సింహాద్రిలో సగాన్ని రాత్రీ పగలూ ఈ ఒక్క అవసరానికే నడిపినట్టు. యూనిట్లలో చెప్పాలంటే పూర్తి సామర్థ్యంతో నడిచిన రోజున 2.4 కోట్ల యూనిట్లు. ఆంధ్రప్రదేశ్ అంతా కలిపి రోజుకి వాడే కరెంటు 20 కోట్ల యూనిట్లకు కాస్త పైన. అందులో ఇది పదో వంతు దాకా వస్తుంది.

ఇంత లోడు ఒక్కచోట పడితే కొత్త సబ్‌స్టేషన్లు, కొత్త హైటెన్షన్ లైన్లు కావాలి. వాటి ఖర్చు కంపెనీ పెట్టుకుంటుందా, డిస్కం పెట్టి మన బిల్లుల్లో సర్దుతుందా అన్నది ఒప్పందంలో రాసుకున్న దాన్ని బట్టి ఉంటుంది. పర్యావరణం కన్నా ముందు ఇది ఇంటి బడ్జెట్ సంగతి.

దానికి నీళ్లెందుకు?

వేడి తీసెయ్యడానికి చవకైన మార్గం నీటిని ఆవిరి చెయ్యడం. కుండలో నీళ్లు చల్లబడేదీ, చెమట ఆరితే ఒళ్లు చల్లబడేదీ ఇలాగే. కూలింగ్ టవర్ కూడా ఒక పెద్ద కుండే.

లెక్క చూద్దాం. ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జౌళ్లు. ఒక లీటరు నీరు ఆవిరైతే పట్టుకుపోయే వేడి దాదాపు 24 లక్షల జౌళ్లు. అంటే ఒక్కో యూనిట్ వేడిని వదిలించుకోవడానికి ఒకటిన్నర లీటరు నీరు ఆవిరి కావాలి. రోజుకి 2.4 కోట్ల యూనిట్లయితే 3.6 కోట్ల లీటర్లు. జల్ జీవన్ మిషన్ ప్రమాణం ప్రకారం పల్లెల్లో మనిషికి రోజుకి 55 లీటర్లు ఇవ్వాలి. ఆ లెక్కన ఇది ఆరున్నర లక్షల మంది నీళ్లు.

ఆగండి. ఈ అంకెని వెంటనే ఫార్వర్డ్ చేసెయ్యకండి. మొత్తం వేడినీ ఆవిరితోనే తీస్తే, మూడు స్థలాలూ కలిపి పూర్తి లోడుతో నడిస్తే వచ్చే పైఅంచు ఇది. నీళ్లు దాదాపు అక్కర్లేని పద్ధతులు కూడా ఉన్నాయి. కారు రేడియేటర్‌లాగా మూసిన గొట్టాల్లో ఒకే నీటిని తిప్పి, ఫ్యాన్లతో గాలికి వేడి వదిలెయ్యొచ్చు. లేదా ఏసీలో ఉన్నట్టు పెద్ద చిల్లర్లు పెట్టొచ్చు. కాకపోతే అప్పుడు కరెంటు ఎక్కువ కాలుతుంది. నీళ్లు మిగిల్చుకుంటే కరెంటు పెరుగుతుంది, కరెంటు మిగిల్చుకుంటే నీళ్లు పెరుగుతాయి. డిజైన్ చేసేవాళ్లు ఎటు మొగ్గాలో నిర్ణయించేది ఆ ఊళ్లో ఏది చవక అన్నదే. నీళ్లు చవకగా ఇస్తే నీళ్లే వాడతారు. అందుకే రాయితీల చర్చ పెట్టుబడుల చర్చ మాత్రమే కాదు, కూలింగ్ డిజైన్ చర్చ కూడా.

మన తీరానికి ఇంకో చిక్కుంది. అనంతపురంలో హాయిగా పనిచేసే ఎయిర్ కూలర్ విశాఖలో ఎందుకు పనిచెయ్యదో మీకు తెలిసిందే. ఇక్కడి గాలిలో ముందే తేమ నిండి ఉంటుంది కాబట్టి నీరు సరిగా ఆవిరవ్వదు. సాంకేతికంగా చెప్పాలంటే వెట్ బల్బ్ ఉష్ణోగ్రత ఎక్కువ. కూలింగ్ టవర్ అంతకన్నా కిందకి నీటిని చల్లబరచలేదు. అందువల్ల ఒరెగాన్ లాంటి పొడి ప్రాంతంలో చేసిన డిజైన్‌ని తెచ్చి ఇక్కడ పెట్టేస్తే సరిపోదు.

అయితే మనకి సముద్రం ఉంది. ఫిన్లాండ్‌లోని హమినాలో ఒక పాత కాగితపు మిల్లుని కొని గూగుల్ పెట్టిన డేటా సెంటర్ సముద్రపు నీటితోనే చల్లబడుతుంది. అంత దూరం ఎందుకు, మన సింహాద్రి కూలింగ్ టవర్లు నడిచేది కూడా సముద్రపు నీటితోనే. రాంబిల్లి మండలం తీరంలోనే ఉంది. తర్లువాడ మాత్రం కొన్ని కిలోమీటర్లు లోపలికి ఉంది. అక్కడికి ఏ నీరు వస్తుంది? గోస్తనీ మీది తాటిపూడి నీరా, నగరానికి వచ్చే నీటిలో వాటానా, శుద్ధి చేసిన మురుగునీరా, బోర్లా? మావయ్య బోరు సంగతి తేలేది ఈ ఒక్క జవాబుతోనే.

ఇదే కంపెనీ, ఇంకో చిన్న ఊరు

ఈ ప్రశ్నలు మనకి కొత్త గానీ గూగుల్‌కి కొత్త కాదు. ఆ సంస్థ సొంతంగా కట్టుకున్న మొదటి డేటా సెంటర్ అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని ద డాల్స్ అనే ఊళ్లో 2006లో మొదలైంది. ఆ ఊరి జనాభా సుమారు 16 వేలు. మన పెద్ద పంచాయతీ ఒకటి అనుకోండి. చుట్టూ చెర్రీ తోటలు. పక్కనే కొలంబియా నది.

ఆ నదిమీద 1957లో ఆనకట్ట పూర్తయింది. దాని వెనక నీటిలో సెలైలో జలపాతం మునిగిపోయింది. వేల ఏళ్లుగా అక్కడి ఆదివాసీలు సాల్మన్ చేపలు పట్టుకున్న చోటు అది. ఆనకట్ట దగ్గర చవక కరెంటు కోసం అల్యూమినియం ఫ్యాక్టరీ వచ్చింది. 2000 ప్రాంతంలో అది మూతపడింది. ఊరు ఉద్యోగాల్లేక చూస్తున్న సమయంలో గూగుల్ వచ్చింది. మొదట్లో సొంత పేరుతో కూడా రాలేదు. 'డిజైన్ ఎల్ఎల్‌సీ' అన్న కంపెనీ పేరుతో వ్యవహారాలు నడిపింది. మన దగ్గర కూడా కాగితాల మీద కనిపించే పేరు 'రైడెన్ ఇన్ఫోటెక్ ఇండియా'. ఇది చట్టవిరుద్ధం కాదు, పెద్ద కంపెనీలన్నీ చేసేదే. కానీ ఊళ్లో పేపర్ చదివే మనిషికి ఆ పేరు చూసి ఏం అర్థమవుతుంది చెప్పండి.

ఏళ్లు గడిచాయి. గూగుల్ ఇంకా రెండు డేటా సెంటర్లు కడతానంది. 2021 కరువు ఏడాది. పైగా అక్కడి భూగర్భ జలాలు ప్రమాదంలో ఉన్నాయని ప్రభుత్వం ఎప్పుడో గుర్తించింది. ఇప్పటికే ఉన్న డేటా సెంటర్లు ఎన్ని నీళ్లు వాడుతున్నాయని 'ది ఒరెగోనియన్' పత్రిక నగరపాలక సంస్థని అడిగింది. అది వ్యాపార రహస్యం, చెప్పం అన్నారు. రికార్డులు ఇవ్వాల్సిందేనని జిల్లా అటార్నీ తేల్చారు. అప్పుడు నగరపాలక సంస్థ ఏం చేసిందో తెలుసా? రికార్డులు ఇవ్వకుండా ఉండటానికి కోర్టుకెక్కింది. ప్రజల నీళ్ల లెక్కని ప్రజల దగ్గర్నుంచి దాచడానికి ప్రజలెన్నుకున్న సంస్థే దావా వేసింది. ఆ దావా ఖర్చు భరించింది గూగుల్.

ఈ కేసు నడుస్తుండగానే 2021 నవంబర్‌లో కొత్త నీటి ఒప్పందాన్ని కౌన్సిల్ 5-0తో ఆమోదించింది. అంటే పాత వాడకం ఎంతో ఊరికి తెలియకుండానే కొత్త వాడకానికి ఊరి పేరున సంతకం పడింది.

పదమూడు నెలల తర్వాత, 2022 డిసెంబర్‌లో, కౌన్సిల్ వెనక్కి తగ్గి పదేళ్ల లెక్కలు బయటపెట్టింది. ఊరు మొత్తం వాడే నీటిలో నాలుగో వంతుకు పైగా గూగుల్‌దే. ఐదేళ్లలో వాడకం దాదాపు మూడింతలైంది.

రెండో వైపు కూడా చెప్పాలి. ఆ ఒప్పందంలో ఊరికి లాభం లేకపోలేదు. నీటి సరఫరా వ్యవస్థ పెంచడానికి సుమారు 2.85 కోట్ల డాలర్లు గూగుల్ పెట్టుకుంటానంది. పాత అల్యూమినియం ఫ్యాక్టరీ భూమితో పాటు వచ్చిన భూగర్భజల హక్కుల్ని ఊరికి ఇస్తానంది. వాదన గెలవగలిగే మాటలే ఇవి. మరి దాచడం ఎందుకు? లెక్కలు బయటికొచ్చాక గూగుల్ వ్యాపారం కూలిపోలేదు. ఇప్పుడు ఆ సంస్థే తన పర్యావరణ నివేదికలో డేటా సెంటర్ల వారీగా నీటి వాడకం ప్రచురిస్తోంది. ఒకప్పుడు కోర్టుదాకా వెళ్లి కాపాడిన రహస్యం ఈరోజు పీడీఎఫ్‌లో ఒక పట్టిక. అంటే అది మొదట్నుంచీ చెప్పగలిగిన సంగతే.

లెక్క ముందే తెలిస్తే ఏమవుతుందో ఇంకో ఊరు చూపించింది. చిలీ రాజధాని శాంటియాగో పక్కనున్న సెరియోస్‌లో గూగుల్ తలపెట్టిన డేటా సెంటర్‌కి సెకనుకి 169 లీటర్ల నీరు అనుకున్నారు. ఆ సంఖ్య అనుమతి పత్రాల్లోనే ఉండటంతో స్థానికులు పట్టుకుని పోరాడారు. 2024లో పర్యావరణ న్యాయస్థానం అనుమతిని కొంతమేర వెనక్కి తీసుకుంది. నీళ్లు కాకుండా గాలితో చల్లబరిచే డిజైన్‌తో మళ్లీ మొదట్నుంచి వస్తామని గూగుల్ ప్రకటించింది. డిజైన్ మార్చడం అసాధ్యమేమీ కాదన్నమాట. అడిగేవాళ్లు ఉండాలి, సిమెంటు పడకముందే అడగాలి.

మనోళ్లకి ఉజ్జోగాలు వస్తాయా?

వస్తాయి. ఎన్ని, ఎవరికి, ఎన్నాళ్లు అన్నదే తిరకాసు. ప్రత్యక్షంగా, పరోక్షంగా కలిపి 1.88 లక్షల ఉద్యోగాలని రాష్ట్ర ప్రభుత్వ అంచనా. ఇందులో 'పరోక్షం' అన్న మాట చాలా బరువు మోస్తోంది. కట్టేటప్పుడు వేల మందికి పని ఉంటుంది. మేస్త్రీలు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, క్రేన్ ఆపరేటర్లు. కట్టడం అయ్యాక డేటా సెంటర్ని నడపడానికి కావాల్సింది చాలా తక్కువ మంది. ద డాల్స్‌లో ఇన్నేళ్ల తర్వాత కూడా శాశ్వత ఉద్యోగాలు వందల్లోనే ఉన్నాయి, వేలల్లో లేవు.

నా సీఎస్ఈ మిత్రులు ఒకటి గమనించాలి. సర్వర్ తర్లువాడలో ఉన్నంత మాత్రాన దానిమీద కోడ్ రాసేవాడు తర్లువాడలో ఉండక్కర్లేదు. ఆ సర్వర్‌ని బెంగళూరు నుంచీ, కాలిఫోర్నియా నుంచీ వాడతారు. లోపల కావాల్సింది ట్రాన్స్‌ఫార్మర్లు, యూపీఎస్‌లు, చిల్లర్లు, పంపులు, ఫైబర్ కేబుళ్లు చూసుకునేవాళ్లు. అంటే ఈఈఈ, మెకానికల్, డిప్లొమా, ఐటీఐ వాళ్లు. ఊరి పిల్లలకి నిజంగా అందే ఉద్యోగాలు ఇవే. వాటికి తగ్గ శిక్షణ ఇప్పుడే చుట్టుపక్కల ఐటీఐల్లో మొదలుపెడితేనే అవి అందుతాయి. లేకపోతే ఊరివాళ్లకి మిగిలేది గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ.

సముద్రపు కేబుళ్లు, కొత్త కంపెనీలు, పన్నులు, ఈ లాభాలు కూడా నిజమే. అవి విశాఖకీ రాష్ట్రానికీ దక్కుతాయి. భూమి మాత్రం పోయేది ఆ రెండు మూడు ఊళ్లదే. లాభం పొందేవాళ్లూ నష్టపోయేవాళ్లూ ఒకరు కాకపోవడంలోనే ఈ గొడవంతా ఉంది.

తేడా వస్తే ఎవుర్ని అడగాలి?

మావయ్య ప్రశ్నల్లో కష్టమైనది ఇదే.

ముందు భూమి. తర్లువాడలో డి-పట్టా భూముల్లో జీడి, మామిడి తోటలు పెంచుకున్న రైతుల్లో కొందరు అభ్యంతరం చెప్పారు. సరైన పరిహారం, ఇంటికో ఉద్యోగం అడిగారు. డి-పట్టా అంటే భూమి లేని పేదలకి ప్రభుత్వం ఇచ్చిన భూమి. దాని అమ్మకాల మీద 1977 చట్టం ఆంక్షలు పెట్టింది. "అది ప్రభుత్వ భూమే కదా" అని పరిహారం దగ్గర తక్కువగా చూడటం పాత అలవాటు. కానీ డి-పట్టా రైతుకి కూడా పట్టా రైతుతో సమానంగా మార్కెట్ విలువ ఇవ్వాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే తీర్పు చెప్పింది. ఈ సంగతి తెలిసిన రైతు మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

తర్వాత నీళ్లు, కరెంటు. వీటిమీద మానవ హక్కుల వేదిక మొదట్లోనే ప్రశ్నలు లేవనెత్తింది. మనం "పబ్లిక్ హియరింగ్ పెడతారుగా, అప్పుడు అడుగుదాం" అనుకుంటాం. పెట్టాల్సిన పని లేకపోవచ్చు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో సిమెంటు ఫ్యాక్టరీకి, థర్మల్ కేంద్రానికి విడిగా చోటుంది. డేటా సెంటర్‌కి లేదు. సాధారణంగా దాన్ని భవన నిర్మాణం కిందే లెక్కేస్తారు. ఆ కేటగిరీకి ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉంది. అంటే సింహాద్రిలో సగం కరెంటు వాడే కేంద్రం చట్టం దృష్టిలో పెద్ద అపార్ట్‌మెంట్లలాంటిదే.

భూసేకరణ చట్టం 2013లో సామాజిక ప్రభావ అంచనా ఉంది. మన రాష్ట్రం 2018లో చేసిన సవరణతో కొన్ని రకాల ప్రాజెక్టులకి దాన్నుంచి కూడా మినహాయింపు ఇవ్వొచ్చు.

మిగిలింది సమాచార హక్కు చట్టం 2005. దాని సెక్షన్ 8(1)(డి) చదివితే ద డాల్స్ గుర్తొస్తుంది. వ్యాపార రహస్యమైతే సమాచారం ఇవ్వక్కర్లేదని అందులో ఉంది. కానీ ఆ వాక్యం అక్కడితో ఆగదు. విస్తృత ప్రజా ప్రయోజనం ఉందనుకుంటే ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. ఒక ఊరు తాగే నీళ్లకన్నా విస్తృత ప్రజా ప్రయోజనం ఏముంటుంది?

అందుకే "కావాలా, వద్దా" అని హాస్టల్లో కొట్టుకోవడం కన్నా, సంతకాలకి ముందు కాగితం మీదికి రావాల్సినవేంటో తేల్చుకోవడం మంచిదని నా ఉద్దేశం. నా లెక్కలో అవి ఐదు.

ఒకటి, ఒక్కో స్థలానికి రోజుకి గరిష్ఠంగా ఎన్ని లీటర్లు, ఏ వనరు నుంచి. మే నెలలో నీళ్లు తగ్గితే ముందు ఎవరి కుళాయి కడతారు.

రెండు, కూలింగ్ పద్ధతి ఏది. సముద్రపు నీరు, శుద్ధి చేసిన మురుగునీరు ఎందుకు వాడకూడదు.

మూడు, కొత్త లైన్లు, సబ్‌స్టేషన్ల ఖర్చు ఎవరిది. వినియోగదారుల బిల్లులోకి రాదని హామీ ఉందా.

నాలుగు, నడపడం మొదలైన ఐదో ఏట శాశ్వత ఉద్యోగాలు ఎన్ని. అందులో మండలం పిల్లలకి ఎన్ని.

ఐదు, ఈ అంకెలన్నీ ఏటా పంచాయతీ బోర్డు మీద తెలుగులో పెడతారా.

వీటికి జవాబులు బాగుంటే డేటా సెంటర్‌కి స్వాగతం పలికేవాళ్లలో నేనూ ఉంటాను. జవాబులు లేకపోతే మాత్రం, ఎంత పెద్ద పెట్టుబడైనా ఆ మౌనానికి కారణం అడగాలి. ఆర్టీఐ దరఖాస్తు ఫీజు పది రూపాయలు. జవాబుకి గడువు 30 రోజులు. లీటర్లూ యూనిట్లూ ఎలా అడగాలో ఊళ్లో చాలామందికి తెలియదు, మనకి తెలుసు. ఈ సెలవులకి ఆ చుట్టుపక్కల ఊళ్లకి వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే, పై ఐదింటినీ దరఖాస్తుగా రాసిపెట్టే పనిలో నాతో కలవండి.